నిండునెలల కదలికలు: తల్లి మాట, దాని అర్థం

తెలుగు నిఘంటువుల్లో గర్భానికి పేర్లు చాలానే దొరుకుతాయి: చూలు, వేకటి, కడుపు. కాని కడుపులో బిడ్డ కదలికను తల్లి ఏ క్రియలతో చెబుతుందో, నిండునెలల్లో ఒక క్రియ తగ్గి ఇంకొకటి ఎందుకు ముందుకు వస్తుందో నిఘంటువు చెప్పదు. ఆ మాటలను, వాటి వెనక ఉన్న శరీరధర్మాన్ని కలిపి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగునాటికి బయట పెరిగిన విద్యార్థులకు ఇది కేవలం పదజాలం విషయం కాదు. ఎప్పుడో ఒకనాడు మీ అక్కకో పిన్నికో తోడుగా ఆస్పత్రికి వెళ్లి, ఆమె తెలుగులో చెప్పినదాన్ని డాక్టరుకు మరో భాషలో చెప్పవలసి రావచ్చు. అప్పుడు మీరు ఎంచుకునే క్రియ మీద చాలా ఆధారపడి ఉంటుంది.

ఉదాహరణలకు యానాంలోని కనకాలపేటను తీసుకుందాం. చుట్టూ ఆంధ్రప్రదేశ్, పాలన పుదుచ్చేరి నుంచి. ఫ్రెంచి పాలన 1954లో ముగిసింది, చట్టరీత్యా విలీనం 1962లో జరిగింది. 1965 నాటి అధికార భాషల చట్టం యానాంలో తెలుగు వాడకానికి చోటిచ్చింది. ఇంటి భాష గోదావరి తెలుగు. పాలనతో, ఉద్యోగాలతో వచ్చే రాకపోకలు తమిళంతో ముడిపడినవి. ఇలాంటి ఊళ్లో ఒక ఆడపిల్లకు పుట్టిల్లు కనకాలపేట, అత్తవారిల్లు పుదుచ్చేరి కావచ్చు. తొలికాన్పుకు పుట్టింటికి తీసుకువచ్చే ఆచారం వల్ల నెలలు నిండే వేళకు ఆమె ఊరు మారుతుంది. చూసే డాక్టరు, ఆ డాక్టరు భాష కూడా మారవచ్చు. వెంట వచ్చేవి పాత చీటీలు, ఆమె నోటి మాట మాత్రమే.

నెల పడడం, నెల నిండడం

ముందుగా లెక్క సంగతి. మన ఇళ్లలో నెలలను రెండు విధాలుగా చెబుతారు. ‘తొమ్మిదో నెల పడింది’ అంటే ఎనిమిది నెలలు పూర్తయ్యాయని అర్థం. ‘తొమ్మిది నెలలు నిండాయి’ అంటే పదో నెల మొదలైందని. రెంటికీ మధ్య నాలుగు వారాలకు పైగా తేడా ఉంది. డాక్టర్లు చివరి బహిష్టు మొదటి రోజు నుంచి వారాల్లో లెక్కిస్తారు. ఆ లెక్కలో తొమ్మిదో నెల పడడం సుమారు 35వ వారం, తొమ్మిది నెలలు నిండడం సుమారు 39వ వారం, పురుడు రావలసిన రోజు 40 వారాలకు. ‘పడింది’, ‘నిండింది’ అనే క్రియల్లో ఏది విన్నారో అదే చెప్పాలి. వీలైతే చీటీలో ఉన్న తేదీ చూపించడం మేలు.

తన్నడం నుంచి పొర్లడం దాకా

తొలి కదలిక సాధారణంగా 16, 20 వారాల మధ్య తెలుస్తుంది. తొలిచూలు స్త్రీకి కొంచెం ఆలస్యంగా, ముందు కన్న స్త్రీకి కొంచెం ముందుగా. అప్పటికి బిడ్డ చిన్నది, చుట్టూ ఉమ్మనీరు ఎక్కువ. అందుకే తల్లులు ‘బుడగలు లేచినట్టు’, ‘చేపపిల్ల తిరిగినట్టు’ అని పోలికలతో చెబుతారు.

28 వారాలకు, అంటే ఏడో నెలలో, బిడ్డ బరువు సుమారు ఒక కిలో. కాళ్లు చాచి తన్నేందుకు చోటు, బలం రెండూ ఉన్న దశ ఇది. పోలికలు పోయి నేరుగా క్రియ వస్తుంది: ‘తంతోంది’. పొట్ట మీద చెయ్యి వేసినవాళ్లకు కూడా అది తెలుస్తుంది. తల కిందికి ఉన్న బిడ్డ తన్నులు ఎక్కువగా పక్కటెముకల కింద తగులుతాయి. ఎదురుకాళ్ల బిడ్డ అయితే పొత్తికడుపులో తగిలి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాలనిపించవచ్చు.

ఆ తరవాత బిడ్డ పెరుగుతుంది. 34, 36 వారాల మధ్య ఎక్కువగా ఉన్న ఉమ్మనీరు క్రమంగా తగ్గుతుంది. చాచి తన్నడానికి వీలు తగ్గి, ఒళ్లంతా తిప్పడం, మడమతోనో మోచేతితోనో నెట్టడం ఎక్కువవుతాయి. తల్లి మాటలోనూ ‘పొర్లుతోంది’, ‘ఒత్తుతోంది’, ‘డొక్కలో పొడుచుకొస్తోంది’ అనే క్రియలు వినిపిస్తాయి. పొట్ట ఒక పక్కకు ఉబికి, కాసేపటికి సర్దుకుంటుంది. ఒకే చోట, ఒకే తాళంలో, కొన్ని నిమిషాలపాటు చిన్నగా కొట్టుకున్నట్టు ఉంటే అవి బిడ్డకు వచ్చే ఎక్కిళ్లు. తల కిందికి దిగాక పొత్తికడుపులో సూదితో గుచ్చినట్టు ఉండడం కూడా చాలామందికి అనుభవమే.

ఇక్కడే భాష ఒక చిక్కు తెస్తుంది. తెలుగులో తన్ను, తమిళంలో ఉదై, కన్నడంలో ఒదె: మూడు భాషల్లోనూ కాలితో కొట్టడమనే మాటే బిడ్డ కదలికకు సామాన్యమైన పేరుగా వాడుకలో ఉంది. ‘బిడ్డ తంతోందా?’ అని అడిగితే, రాత్రంతా బిడ్డ పొర్లుతూనే ఉన్నా తల్లి ‘లేదండి’ అనవచ్చు. ఆమె చెప్పింది నిజమే, ప్రశ్నే ఇరుకు. ‘కదులుతోందా? ఎలా కదులుతోంది?’ అని అడగడం సరైన పద్ధతి.

కదలడం లేదు, తెలియడం లేదు

కదలిక గురించి మాట్లాడేటప్పుడు తెలుగు తల్లి రెండు వాక్యాలు వాడుతుంది. ‘బిడ్డ కదలట్లేదు’ అన్నప్పుడు కర్త బిడ్డ. ‘నాకు కదలిక తెలవట్లేదు’ అన్నప్పుడు అనుభవించే వ్యక్తి ‘నాకు’ అనే చతుర్థీ రూపంలో ఉంటుంది. మొదటిది బిడ్డ గురించి చెప్పిన వాక్యం, రెండోది తన అనుభవం గురించి చెప్పిన వాక్యం.

ఈ తేడాకు వైద్యంలోనూ ఆధారం ఉంది. స్కానింగులో కనిపించే కదలికలన్నీ తల్లికి తెలియవు. మాయ గర్భసంచి ముందుగోడకు అంటుకొని ఉంటే, ముఖ్యంగా 28 వారాల లోపు, అది మెత్తలా అడ్డుపడుతుంది. పనిలో ఉన్నా, నిలబడి ఉన్నా కదలిక అంతగా తెలియదు. పక్కకు తిరిగి పడుకొని మనసు అటే పెడితే బాగా తెలుస్తుంది. బిడ్డ నిద్రపోతుంది కూడా. ఆ నిద్ర సాధారణంగా 20 నుంచి 40 నిమిషాలు, ఆరోగ్యంగా ఉన్న బిడ్డలో 90 నిమిషాలు దాటడం అరుదు.

కాని లోపల ఏం జరుగుతోందో ఇంట్లో ఎవరూ తేల్చలేరు కాబట్టి, ఈ రెండు వాక్యాలనూ ఒకే విధంగా పట్టించుకోవాలి. ‘తెలవట్లేదు’ అనే మాటను తేలికైనదిగా మార్చి చెప్పకూడదు.

‘నెలలు నిండాయి కదే’

కనకాలపేటలోనే కాదు, తెలుగువాళ్లు ఉన్న ప్రతిచోటా వినిపించే సంభాషణ ఒకటుంది.

‘అమ్మా, పొద్దుట్నించీ కదలిక తెలవట్లేదమ్మా.’

‘నెలలు నిండాయి కదే, లోపల చోటు చాలక నెమ్మదించుంటుంది.’

తల్లి ఓదార్పుకే ఆ మాట అంది. కాని అందులో సగమే నిజం. చోటు తగ్గేకొద్దీ కదలిక తీరు మారుతుంది, కదలికలు తగ్గిపోవు. సుమారు 32వ వారం దాకా పెరిగే కదలికల సంఖ్య ఆపైన నిలకడగా ఉంటుంది. నొప్పులు మొదలయ్యేదాకా, నొప్పుల్లో కూడా, బిడ్డ కదులుతూనే ఉండాలి. తన్నడం పోయి పొర్లడం రావడం సహజం. పొర్లడం కూడా తగ్గడం సహజం కాదు. మాయ నుంచి చాలినంత ప్రాణవాయువు అందనప్పుడు బిడ్డ తన శక్తిని గుండెకు, మెదడుకు దాచుకొని కదలికలు తగ్గిస్తుంది. బిడ్డ చనిపోయి పుట్టిన సందర్భాల్లో చాలాచోట్ల, అంతకు ముందు కదలిక తగ్గినట్టు తల్లి గమనించి ఉంటుంది.

మరి ఎన్ని కదలికలుండాలి? 1976లో కార్డిఫ్ నుంచి వచ్చిన పద్ధతి 12 గంటల్లో 10 కదలికలు అంది. మన వైద్య పాఠ్యగ్రంథాల్లో ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఒక్కో గంట లెక్కపెట్టి, మొత్తాన్ని నాలుగుతో హెచ్చవేసే పద్ధతి ఉంది. అయితే 1989లో సుమారు 68,000 మంది గర్భిణులతో ప్రచురితమైన పరిశీలనలో, అందరిచేతా లెక్కపెట్టించినందువల్ల బిడ్డల మరణాలు తగ్గినట్టు తేలలేదు. బ్రిటన్, ఐర్లండ్‌లలో నాలుగు లక్షలకు పైగా గర్భాలను పరిశీలించి 2018లో ప్రకటించిన అధ్యయనంలోనూ, కదలికల గురించి అవగాహన పెంచి వెంటనే పరీక్షలు చేసే ఏర్పాటు వల్ల మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఏ అంకె అయినా అందరికీ సరిపోదని ఇప్పుడు వైద్యులు అంటున్నారు. తన బిడ్డ ఏ వేళ, ఏ తీరున కదులుతుందో ప్రతి తల్లికీ ఒక వాడుక తెలిసి ఉంటుంది. ఆ వాడుక మారితే అదే హెచ్చరిక.

అప్పుడు చల్లని నీళ్లు తాగి, తీపి తిని, తెల్లారేదాకా చూద్దామనుకోవడం మంచిది కాదు. అనుమానం ఉంటే ఎడమపక్కకు తిరిగి పడుకొని గమనించవచ్చు. రెండు గంటల్లో పది కదలికలు తెలియకపోతే, లేదా కదలిక తగ్గిందన్న సంగతి అంతకు ముందే స్పష్టంగా ఉంటే, ఆ పూటే ఆస్పత్రికి వెళ్లాలి. ఇంట్లో యంత్రంతో గుండె చప్పుడు వినిపించినంత మాత్రాన బిడ్డ క్షేమమని అనుకోకూడదు. పరీక్ష చేసి బాగుందని చెప్పాక మళ్లీ తగ్గితే, మళ్లీ వెళ్లాలి. వెళ్లినందుకు మొహమాటపడవలసింది ఏమీ లేదు.

దుబాసీ పని

మీరు పక్కన ఉండి మాట అందించవలసి వస్తే నాలుగు సంగతులు చెప్పండి: ఎన్ని వారాలు, మామూలుగా ఎలా కదిలేది, ఎప్పటి నుంచి మారింది, ఆమె వాడిన క్రియ ఏది. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, నొప్పి ఉంటే అవి కూడా. ఆమె ‘పొర్లడం తగ్గింది’ అంటే దాన్ని ‘తన్నులు తగ్గాయి’ అని మార్చకండి. ‘తెలవట్లేదు’ అంటే ‘కొంచెం తక్కువగా ఉందట’ అని మెత్తబరచకండి. ‘నెలలు నిండాయి కదా’ అన్న ఇంటివాళ్ల వ్యాఖ్యానాన్ని ఆమె మాటగా చెప్పకండి. బిడ్డ లోపల ఎలా కదిలిందో ఎరిగినది ఆమె ఒక్కతే. అది ఆమె ఏ మాటల్లో చెప్పిందో ఆ మాటల్లోనే డాక్టరుకు చేరాలి.