భక్తి అను మాట

మన సంఘములలో “ఆయన మంచి భక్తిపరుడండీ” అను మాట తరచుగా వినుచుందుము. ఏమి చూచి అట్లనుచున్నారని అడిగినచో, ఆదివారము తప్పడు, ఉపవాసముండును, ప్రార్థనకు మోకరించెనా అరగంట లేవడు అని చెప్పుదురు. ఇవి మంచివే. ఉపవాస కూటమునకు ముగ్గురే వచ్చిన దినములు మాకును గలవు గనుక, వచ్చువారిని మేము తేలికపరచము.

అయితే ఆ మాట పుట్టుక చూడుడి. ‘భక్తి’ సంస్కృతములోని ‘భజ్’ అను ధాతువునుండి వచ్చినది. దానికి సేవించుట అనియే గాక, పంచుట, పాలుపొందుట అనియు అర్థములున్నవి. అన్నదమ్ములు పొలము విభజించుకొని ఎవరి భాగము వారు తీసికొన్నారని చెప్పుకొందుము గదా, ఆ ‘విభజన’, ‘భాగము’ అను మాటలును ఈ ధాతువు బిడ్డలే.

యోబు 1:1లో మన తెలుగు బైబిలు ‘భయభక్తులు’ అన్నది. హెబ్రీలో అక్కడున్నది భయమను మాట ఒక్కటే. మనవారు భక్తిని జతపరచి మేలు చేసిరి. ఒట్టి భయమైతే అప్పులవాని యెదుట నిలిచినట్లుండును.

యాకోబు 1:27 ఇంకను లోతైనది. అక్కడ భక్తి అని మనము చదువుచున్న గ్రీకు మాట ‘థ్రేస్కెయా’. అది ముఖ్యముగా పైకి కనబడు ఆరాధనాచారములకు వాడు మాట. యాకోబు ఆ మాటనే తీసికొని, దిక్కులేని పిల్లలున్న ఇంటికి, విధవరాండ్ర గడపకు నడిపించెను.

ఒక గ్రామములో సేవచేయుచుండగా ఈ వచనముమీదనే ప్రసంగించితిమి. బాగుగా చెప్పితిమనియు అనుకొంటిమి. ఆరాధన ముగిసిన తరువాత ఒక విధవరాలు వాకిట నిలిచి, “అయ్యగారూ, మా ఆయన పోయి ఎనిమిది నెలలైంది. సమాధి దగ్గర ప్రార్థన చేసి వెళ్లారు. మళ్లీ మా గడప తొక్కలేదు” అన్నది. ఆమె ఇల్లు గుడికి అయిదిండ్ల అవతల. మాకు నోట మాట రాలేదు.

ఆ సాయంకాలము వెళ్లితిమి. బైబిలు తెరవబోవుచుండగా ఆమె లోపలికి పోయి, బియ్యపు డబ్బాలోనుండి మడతపెట్టిన కాగితమొకటి తెచ్చినది. భర్త పేర వచ్చిన అప్పు నోటీసు. ఎవరిచేత చదివించుకోవలెనో తెలియక నెలనాళ్లుగా దాచినదట.

“ముందు ఇది చదివి పెట్టండి అయ్యగారూ, ప్రార్థన తర్వాత చేద్దురు గాని” అన్నది.

బైబిలు మూసి, దీపము దగ్గరకు జరుపుకొంటిమి.