వీసాకు ముందు వైద్య పరీక్ష

అమెరికాలోని పిల్లల వద్ద స్థిరపడుటకు వెళ్లు తల్లిదండ్రులు కొందరు, “ఎప్పుడో క్షయ వచ్చి తగ్గినది, చెబితే వీసా రాదేమో!” అని భయపడుదురు. ప్రియులారా, దాచవద్దు. 15 ఏళ్లు నిండినవారికి ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. పాత మచ్చ అందులో కనబడవచ్చును. అనుమానమున్నచో వరుసగా 3 రోజులు కళ్లె పరీక్షకు ఇవ్వవలెను. కల్చర్ ఫలితమునకు సుమారు 8 వారాలు పట్టును. వ్యాధి తేలినను, చికిత్స ముగిసిన తరువాత ప్రయాణమునకు వీలుండును.

కాన్సులేట్ నియమించిన డాక్టరు వద్దకే వెళ్లవలెను. పాస్‌పోర్టు, టీకాల కార్డు, పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు తీసుకొని వెళ్లండి. బి.పి., షుగరు మాత్రలు మానవద్దు. గర్భిణులు ఎక్స్‌రేకు ముందే ఆ సంగతి చెప్పవలెను. వీసా చేతికి రాకముందే పొలము అమ్మవద్దు, టిక్కెట్టు కొనవద్దు.

నాడు క్షయకు మందులు వాడిన కాగితములు ఉన్నవా? నేడే పెట్టె తీసి వెదకండి.