తాటి మోకు నుండి మామిడి కొమ్మకు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో చెట్టెక్కే నైపుణ్యం ప్రధానంగా గీత కార్మికులది. వేసవి ముగిసి కల్లు దిగుబడి తగ్గే వేళకే మామిడి కోతలు పూర్తయి, జూన్, జులై మాసాల్లో కొమ్మల కత్తిరింపు మొదలవుతుంది. కావున ఇది వారికి సహజమైన ఉపవృత్తి కాగలదు. అయితే తాటిమాను వేరు, మామిడి గుబురు వేరు.

మోకు కొమ్మలు లేని నిటారు మానుకు చుట్టి పైకి జరుపుకునే సాధనం. 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన కాటమయ్య రక్షణ కిట్టు కూడా గీత వృత్తిని ఉద్దేశించినదే. మామిడిలో పంగ వచ్చిన ప్రతిచోటా చుట్టుతాడు విప్పక తప్పదు; ప్రమాదం ఆ క్షణంలోనే పొంచి ఉంటుంది. అందువలన తలకు పైనున్న బలమైన పంగ మీదుగా వేసిన మరొక తాడు నడుము బెల్టుకు బిగించిన పిమ్మటే మొదటిది విప్పాలి. గాటు పడిన తాడును ఎంత కొత్తదైనా వాడరాదు.

చెట్టుపై గొలుసు రంపాన్ని ఒంటిచేత్తో నడపడం ప్రాణాంతకం. మణికట్టు లావు కొమ్మలకు చేతిరంపమే మేలు. లావు కొమ్మకు ముందు అడుగున గాటు పెట్టి, తరువాత పైనుండి కోస్తే బెరడు చీలదు. గాయానికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీటితో చేసిన బోర్డో పేస్టు పూయాలి.

వాహనంగా మోటారు సైకిల్ చాలు. అప్పుచేసి ట్రాలీ కొనడం తొందరపాటే. నరికిన కలప ఎవరిదో, ఎవరు తరలించాలో ముందే తేల్చుకోవాలి. ఉదాహరణకు, 12,000 రూపాయల రంపం 200 పనిదినాలు మన్నితే అరుగుదల రోజుకు 60 రూపాయలు. పెట్రోలు, గొలుసు, తాడు ఖర్చు అదనం. ఈ లెక్క చూడక చెట్టుకింత అని ఒప్పుకున్నవాడు తన కూలినే యంత్రానికి ధారపోస్తాడు. ఇక కొమ్మ కాక చెట్టునే కొట్టవలసి వస్తే, 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి అవసరమా అన్నది తేలిన తరువాతే పని ఒప్పుకోవాలి.