పోస్టర్ మీద క్యూఆర్ కోడ్: స్కాన్ చేసే ముందు ఒక్క చూపు



మన ఇబ్రహీంపట్నంలో టీ కొట్టు నుంచి కూరగాయల బండి దాకా క్యూఆర్ కోడ్ కనిపిస్తే డబ్బు కట్టడానికే. అందుకే యాన్యువల్ డే పోస్టర్ మీద కోడ్ చూసి కొందరు "మళ్లీ ఫీజా మేడం?" అని అడిగారు. కాదండీ. మీ ఇంటి నుంచి ఎంతమంది వస్తున్నారో చెప్పడానికే. కుర్చీలు, భోజనాలు ఆ లెక్కను బట్టే వేస్తాం.

1994లో జపాన్‌లోని డెన్సో సంస్థలో మసహిరో హరా బృందం కారు విడిభాగాల లెక్క కోసం ఈ కోడ్ రూపొందించింది. మన పోస్టర్ కోడ్‌లో ఉన్నది ఒక వెబ్ అడ్రస్ మాత్రమే. స్కాన్ చేస్తే ఫారం తెరుచుకుంటుంది. మీటరు దూరం నుంచి స్కాన్ అవ్వాలంటే కోడ్ దాదాపు 10 సెంటీమీటర్లు ఉండాలి. చుట్టూ తెల్లని అంచు వదలాలి. అత్యధిక రక్షణ స్థాయిలో చేసిన కోడ్ సుమారు 30 శాతం దెబ్బతిన్నా పనిచేస్తుంది.

చిక్కల్లా ఒకటే. అసలు కోడ్ మీద ఎవరైనా వేరే స్టిక్కర్ అంటిస్తే కంటికి తేడా తెలియదు. కాబట్టి:

• ఫోన్‌లో కనిపించే అడ్రస్, డైరీలోని స్కూల్ వెబ్‌సైట్ పేరుతో సరిపోయాకే తెరవండి.
• మా ఫారం విద్యార్థి పేరు, తరగతి, వచ్చేవారి సంఖ్య మాత్రమే అడుగుతుంది. ఓటీపీ, యూపీఐ పిన్ అడిగితే అది మాది కాదు. వెంటనే మూసేయండి.
• పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

స్మార్ట్‌ఫోన్ లేకపోతే డైరీలో సంఖ్య రాసి సంతకం చేస్తే చాలు. అమ్మమ్మ, తాతయ్యలను కూడా లెక్కలో వేయడం మరవకండి!