వైడ్ లెన్స్ కొనే ముందు మీ బ్యాగులో ఏ ఖాళీ ఉందో చూడండి

ఈ రోజు టాపిక్ ఒక తమ్ముడు పంపిన మెసేజ్ నుంచి వచ్చింది. ముందు అది చదువుతా.

"అన్నా, నా దగ్గర కెనాన్ 200డీ, దాంతో వచ్చిన 18-55, ఒక 50 ఎంఎం ఉన్నాయి. అద్దె ఇళ్లకి గదుల ఫొటోలు తీస్తున్నా, అప్పుడప్పుడు ఫంక్షన్లు కూడా. వీపు గోడకి ఆనించి నిలబడినా గది మొత్తం రావట్లేదు. 16-35 తీసుకోమంటున్నారు. చీటీ పాడి కొనేద్దామనుకుంటున్నా. ఓకేనా?"

తమ్ముడూ, ఒక్క నిమిషం ఆగు. ఆ పని నేను చేసేశాను. కొన్నేళ్ల కింద నా క్రాప్ కెమెరాకి సెకండ్ హ్యాండ్‌లో 16-35 తెచ్చుకున్నా. ఇంటికొచ్చి హాల్లో పెట్టి చూస్తే, 18తో వచ్చినదాని కంటే సోఫా చెయ్యి ఒకటి ఎక్కువ పడింది. అంతే! లెన్స్‌లో తప్పు లేదు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద అది చాలా మంచి వైడ్ లెన్స్. నా కెమెరాకి ఏం కావాలో చూసుకోకపోవడమే తప్పు.

ఇది ఎందుకు జరిగిందో చూద్దాం. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 ఎంఎం. 200డీ లాంటి కెనాన్ ఏపీఎస్-సీ సెన్సర్ వెడల్పు 22.3 ఎంఎం. సెన్సర్ చిన్నది కాబట్టి లెన్స్ చూపించే దాంట్లో మధ్య భాగమే పడుతుంది. అందుకే లెన్స్ నంబర్‌ని 1.6తో గుణించి చూడాలి. నికాన్, సోనీ ఏపీఎస్-సీ అయితే 1.5.

18ని గుణిస్తే సుమారు 29. 16ని గుణిస్తే 26. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫోన్ చూడండి. చాలా ఫోన్లలో 1ఎక్స్ కెమెరా 24 నుంచి 26 మధ్యలో ఉంటుంది. అంటే చీటీ డబ్బంతా పెట్టి, వెడల్పులో మీ ఫోన్ మామూలు కెమెరా దగ్గరే ఆగిపోతున్నారన్నమాట.

అదే 10 ఎంఎం అయితే 16 అవుతుంది. ఫోన్‌లో 0.5 లేదా 0.6 నొక్కితే వచ్చే అల్ట్రావైడ్‌కి దగ్గరగా ఉంటుంది.

అడుగుల్లో చెప్తే ఇంకా ఈజీ. గోడ ఎంత దూరంలో ఉందో ఆ అడుగుల్ని 22.3తో గుణించి, లెన్స్ ఎంఎంతో భాగించండి. 10 అడుగుల దూరం నుంచి 18 ఎంఎంతో 12 అడుగుల గోడ పడుతుంది. 16తో దాదాపు 14 అడుగులు. 10తో 22 అడుగులు! చూశారా? వైడ్ వైపు ఒక్కో ఎంఎంకి చాలా తేడా వస్తుంది. 50, 55 మధ్య 5 ఎంఎం తేడా ఉన్నా పెద్దగా తెలియదు.

కాబట్టి ఈ తమ్ముడి కిట్‌లో ఖాళీ 18 కింద ఉంది. దానికి సరిపోయేది కెనాన్ ఈఎఫ్-ఎస్ 10-18. బరువు 240 గ్రాములే, చేతి వణుకుని తగ్గించే స్టెబిలైజేషన్ ఉంది. 18 దగ్గర ఇది ఆగుతుంది, అక్కడ నుంచి మీ కిట్ లెన్స్ అందుకుంటుంది. దేన్నీ అమ్ముకోనక్కర్లేదు.

మరి ఎఫ్ 2.8 ఉన్న టోకినా 11-16 సంగతేంటి అంటారు. 10-18 మొదలయ్యేదే ఎఫ్ 4.5 దగ్గర. 2.8 దానికి రెండున్నర రెట్ల వెలుతురు ఇస్తుంది. ఖాళీ గదికి అది అవసరం లేదు, ట్రైపాడ్ పెట్టి షట్టర్ స్పీడ్ తగ్గిస్తే సరిపోతుంది. కానీ రాత్రి సంగీత్‌లో డ్యాన్స్ చేసేవాళ్లని తియ్యాలంటే 2.8 కావాలి. స్టెబిలైజేషన్ మన చెయ్యి కదలికని ఆపుతుంది గానీ వాళ్ల కదలికని ఆపదు. నీకు డబ్బులు ఎక్కడ నుంచి ఎక్కువ వస్తున్నాయో చూసుకో తమ్ముడూ. గదులే ఎక్కువైతే 10-18 చాలు.

నికాన్ వాళ్లకి ఒక జాగ్రత్త. ఏఎఫ్-పీ 10-20 బాగుంటుంది గానీ డీ3200, డీ5100 లాంటి పాత బాడీల మీద ఫోకస్ అవ్వదు. టోకినా 11-16 మొదటి వెర్షన్‌లో మోటార్ లేదు, డీ3000, డీ5000 సిరీస్‌లలో ఆటోఫోకస్ రాదు. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు మీ బాడీకి పెట్టి చూశాకే డబ్బులివ్వండి.

ఇంకో రెండు చిన్న విషయాలు. 200డీతో వచ్చే 18-55కి ఫిల్టర్ సైజు 58, 10-18కి 67. ఫిల్టర్ కొంటే 67దే కొనండి, స్టెప్-అప్ రింగ్‌తో రెండిటికీ వాడొచ్చు. కెమెరా మీదుండే చిన్న ఫ్లాష్ 10 ఎంఎం వెడల్పు మొత్తానికి చాలదు, అంచులు చీకటైపోతాయి.

ఇక వాడేటప్పుడు కెమెరాని పైకీ కిందకీ వంచకండి, గోడలు ఒరిగినట్టు వస్తాయి. గ్రూప్ ఫొటోలో అంచున నిలబడ్డవాళ్లు సాగిపోతారు. అమ్మమ్మని చివర్న నిలబెట్టారనుకోండి, ఇంట్లో మాటలు పడేది మీరే. పెద్దవాళ్లని మధ్యలో కూర్చోబెట్టి, కాస్త జాగా ఉంటే 18కి జూమ్ చేసి తియ్యండి.

చివరగా పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి. ఫోన్ గ్యాలరీ తెరిచి, ఈ ఏడాది 0.5తో తీసినవి ఎన్ని ఉన్నాయో చూడండి. బోలెడుంటే వైడ్ లెన్స్ మీకు పనికొస్తుంది. నాలుగైదే ఉంటే ఒక రోజు రెంట్‌కి తెచ్చుకుని చూడండి, చీటీ డబ్బులు ఎక్కడికీ పోవు.

సరే తమ్ముడూ, కొన్నాక మొదటి గది ఫొటో నాకు పంపాలి. మిగతావాళ్లు కూడా మీ కిట్‌లో ఏమున్నాయో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండీ.