వాట్సాప్‌లో అమ్మినా అది వ్యాపారమే

తిరుత్తణి, తిరువళ్ళూరు వైపు మనవాళ్లు కొందరు వి-1 మల్బరీ నారు పెంచి వాట్సాప్‌లో అమ్ముతున్నారు. మేమూ అమ్మాం. మొదటి ఏడాది దాన్ని చేతిఖర్చుల కింద వదిలేశాం. డబ్బు ఇంటి ఖాతాలోకే వచ్చేది, కిరాణాకి అందులోంచే పోయేది. మొక్కలన్నీ అమ్ముడుపోయాయి గానీ, మిగిలిందెంత అంటే ఎవరమూ చెప్పలేకపోయాం.

అసలు దెబ్బ నాలుగో జ్వరం లేచాక తగిలింది. పురుగు మొత్తం తినే ఆకులో 80 శాతానికి పైగా ఆ ఐదో దశలోనే తింటుంది కదా. సరిగ్గా అప్పుడే ఆర్డర్లొచ్చాయి. కూలీలను మొక్కలు పీకడానికి పంపితే షెడ్డులో మేత ఆలస్యమైంది, గూడు పలచబడింది. ఆ నష్టం నారు లెక్కలో రాయాలా? రాయాల్సిందే. ఆడికృత్తిక రద్దీలో పార్సిల్ ఆగి వాడిపోయిన మొక్కలు కూడా అందులోకే.

ఇప్పుడు నారుకి వేరే బ్యాంకు ఖాతా, వేరే నోటుబుక్కు. సొంత తోటలో కోసిన కడ్డీకీ ధర కడుతున్నాం. అడ్వాన్సు పడ్డాకే మొక్క పీకుతాం. నాలుగో జ్వరం లేచిన వారం ఎవరు అడిగినా పంపం, తెలిసినవాళ్లయినా సరే.

పన్ను సంగతి కూడా ఉంది. నర్సరీలో పెంచిన మొక్కల ఆదాయాన్ని చట్టం వ్యవసాయ ఆదాయంగానే చూస్తుంది. సొంత ఆకు మేపి తీసినా గూళ్ల ఆదాయం మాత్రం వ్యవసాయ ఆదాయం కాదని సుప్రీంకోర్టు తీర్పు. అందుకని ఆడిటర్ దగ్గరికి రెండు పుస్తకాలూ విడివిడిగా పట్టుకెళ్లండి.