ఉల్లిపొరల దారి

నెల్లిమర్లలో ఒక విద్యార్థి ఫోనులో ఒక వెబ్‌సైటును తెరచెననుకొందము. ఏ ఐపీ సంఖ్యనుండి వచ్చెనో సైటునకు తెలియును. ఏ సైటునకు పోయెనో ఇంటర్నెట్ సంస్థకు తెలియును. ఈ రెండు సంగతులు ఒకేచోట కలియకుండ చేయుటయే అజ్ఞాత వీక్షణము.

ఇందులకు 'ఉల్లిపొరల' పద్ధతిని 1990 దశకమున అమెరికా నౌకాదళ పరిశోధనాలయమువారు రూపొందించిరి. దానినుండి పుట్టిన 'టార్' 2002లో వెలువడినది.

హైదరాబాదునకు పంపవలసిన ఉత్తరమును ఒకదానిలోనొకటిగా మూడు కవర్లలో పెట్టి, విజయనగరము, విశాఖపట్నము, రాజమహేంద్రవరముల మీదుగా పంపితిమనుకొందము. ప్రతి మజిలీలో ఒక్క కవరే విప్పుదురు. విజయనగరమునకు పంపినవారు తెలియును గాని చేరవలసిన చోటు తెలియదు. రాజమహేంద్రవరమునకు చేరవలసిన చోటు తెలియును గాని పంపినవారు తెలియదు. టార్‌లో ఈ మజిలీలు పలుదేశముల స్వచ్ఛంద సేవకులు నడుపు కంప్యూటర్లు.

ఇట్టి దారులలోనే చేరదగిన సైట్లను 'డార్క్ వెబ్' అందురు. 2013లో అమెరికా పోలీసులు మూయించిన మాదకద్రవ్యముల అంగడి 'సిల్క్ రోడ్' అందులోనిదే. పత్రికలకు రహస్యముగ సమాచారమందించు ద్వారములును అందు కలవు.

అయితే కవర్లు దాచునది దారిని మాత్రమే. ఉత్తరములో విద్యార్థి తన పేరు తానే వ్రాసినచో, ఏ పొరయు దానిని దాచజాలదు.